పరాయి దేశంలో ఇల్లు, అక్కడి లెక్కల్లో మన నంబరు

కోనసీమ నుంచీ పశ్చిమ డెల్టా ఊళ్ల నుంచీ ఈ మధ్య మాకు అందిన ఉత్తరాల్లో చాలావరకు పిల్లలు స్థిరపడిన దేశాల్లో ఇల్లు కొనడం గురించే ఉన్నాయి. ధర, పేట, కిస్తీలు, ఇవన్నీ అందరూ వివరంగానే కనుక్కుంటున్నారు గాని, అక్కడి ప్రభుత్వం కొనుగోలుదారుడిని ఏ నంబరుతో గుర్తిస్తుందన్నది మాత్రం దస్తావేజు రోజు దగ్గర పడ్డాక గుర్తుకొస్తోంది. అందుకే ఈ సంచికలో చోటంతా ఆ ఒక్క విషయానికే ఇస్తున్నాం. ఉత్తరాలు రాసినవారి పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాం.

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు, రొయ్యల చెరువులు సాగు చేస్తాను. మా అబ్బాయి స్పెయిన్‌లోని వాలెన్సియాలో చదువుకుని అక్కడే ఉద్యోగంలో చేరాడు. అక్కడ ఒక పాత ఫ్లాటు చూశాం. అబ్బాయి పేరున కొనాలా, ఇద్దరి పేరునా అన్నది ఇంకా తేలలేదు. ‘ఎన్‌ఐఈ’ నంబరు లేనిదే రిజిస్ట్రేషన్ జరగదని, కొన్ని వందల యూరోలు ఇస్తే తానే తెప్పిస్తానని, అది వస్తే ఇక నాకు వీసా బాధ కూడా ఉండదని అక్కడి ఏజెంటు అంటున్నాడు. నమ్మవచ్చునా? — భీమవరం నుంచి ఒక రైతు

జవాబు: ఏజెంటు గారు చెప్పిన మాటల్లో మొదటిది నిజం, రెండోది ఆయన బేరం, మూడోది అబద్ధం.

స్పెయిన్‌లో విదేశీయులకు ఇచ్చే గుర్తింపు సంఖ్యే ఎన్‌ఐఈ. మొదట ఎక్స్, వై, జెడ్ అక్షరాల్లో ఒకటి, తరవాత ఏడు అంకెలు, చివర మరొక అక్షరం ఉంటాయి. పన్నుల శాఖ, నోటరీ, ఆస్తుల రిజిస్ట్రీ, బ్యాంకు, ఆఖరుకు కరెంటు కనెక్షన్ ఇచ్చే కంపెనీ కూడా మిమ్మల్ని దీనితోనే గుర్తిస్తాయి. నోటరీ ఎదుట జరిగే విక్రయ దస్తావేజులో ఈ నంబరు లేకపోతే కొనుగోలు పన్ను కట్టడానికి వీలుండదు, పన్ను కట్టిన రుజువు లేకపోతే రిజిస్ట్రీలో మీ పేరు ఎక్కదు. కనుక నంబరు కావలసిందే.

అయితే అది మనిషి నంబరే గాని ఇంటి నంబరు కాదు. పొలం కాగితాలు చూసే అలవాటున్న మీకు పాసుపుస్తకంలో ఖాతా నంబరు మనిషిదనీ సర్వే నంబరు భూమిదనీ చెప్పనక్కరలేదు. స్పెయిన్‌లో సర్వే నంబరుకు సాటి వచ్చేది 20 అక్షరాలూ అంకెలూ కలిసిన కాడాస్ట్రల్ సంఖ్య. అమ్ముతున్నవాడు చూపించిన ఫ్లాటూ దస్తావేజులో రాయబోయే ఫ్లాటూ ఒకటేనని ఆ సంఖ్యతోనే సరిచూసుకోవాలి. మన ఈసీ లాంటిది కూడా అక్కడ ఉంది. ‘నోటా సింప్లె’ అనే ఆ కాగితాన్ని రిజిస్ట్రీ నుంచి తక్కువ రుసుముతో తెప్పించుకోవచ్చు. ప్రస్తుత యజమాని ఎవరో, ఆస్తి మీద తాకట్టు ఉందో లేదో అందులో తెలుస్తుంది. బయానా ఇచ్చేముందు ఈ రెండూ చూడాలి, ఎందుకంటే అక్కడ ‘అర్రాస్’ అని పిలిచే బయానా సాధారణంగా ధరలో 10 శాతం ఉంటుంది. మామూలుగా రాసుకునే ఒప్పందం ప్రకారం కొనేవాడు వెనక్కి తగ్గితే ఆ సొమ్ము పోతుంది, అమ్మేవాడు తగ్గితే రెట్టింపు ఇచ్చుకోవాలి.

ఇక ఖర్చు సంగతి. ఎన్‌ఐఈకి ప్రభుత్వం తీసుకునే రుసుము సుమారు 10 యూరోలు మాత్రమే. ఈఎక్స్-15 అనే దరఖాస్తు, పాస్‌పోర్టు, దాని నకలు, 790వ నమూనాలో 012 కోడు కింద రుసుము కట్టిన రసీదు, నంబరు ఎందుకు కావాలో తెలిపే కాగితం ఉంటే చాలు. మీరు స్పెయిన్ వెళ్లినప్పుడు ముందుగా అపాయింట్‌మెంటు తీసుకుని పోలీసు శాఖవారి విదేశీయుల విభాగంలో ఇవ్వవచ్చు, లేదా మన ప్రాంతం ఏ స్పెయిన్ కాన్సులర్ కార్యాలయం పరిధిలోకి వస్తుందో కనుక్కుని ఇక్కడి నుంచే దరఖాస్తు చేయవచ్చు. ఇవి రెండూ కుదరనప్పుడు మీ అబ్బాయికే పవర్ ఆఫ్ అటార్నీ రాసివ్వవచ్చు. దాన్ని ఇక్కడ నోటరీ చేయించి, రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ తరవాత విదేశాంగ శాఖతో అపోస్టిల్, అంటే విదేశాల్లో చెల్లే ధ్రువీకరణ ముద్ర, వేయించి, అధికారిక అనువాదకుడితో స్పానిష్‌లోకి మార్పించాలి. భారతదేశం 2005 నుంచి అపోస్టిల్ ఒప్పందంలో ఉన్నది గనుక స్పెయిన్ ఎంబసీ చుట్టూ మళ్లీ తిరగనక్కరలేదు. ఏజెంటు అడిగే సొమ్ము ఈ తిరుగుడుకు కూలీయే తప్ప ప్రభుత్వానికి కట్టేది కాదు. ఇవ్వదలచుకుంటే అది తెలిసి ఇవ్వండి.

మీ అబ్బాయి విషయంలో మాత్రం ఏమీ ఇవ్వనక్కరలేదు. విద్యార్థిగా వెళ్లినప్పుడే అతనికి ఎన్‌ఐఈ వచ్చి ఉంటుంది. చేతిలో ఉండే టీఐఈ అనే విదేశీయుల గుర్తింపు కార్డుకు గడువు ఉంటుంది గాని దాని మీద అచ్చయిన నంబరుకు గడువు లేదు. విద్యార్థి కార్డు పోయి ఉద్యోగి కార్డు వచ్చినా అదే నంబరు కొనసాగుతుంది. ఇల్లు కొనడానికి వేరే నంబరు కావాలని ఎవరైనా అంటే, ఒక మనిషికి ఒకటే ఎన్‌ఐఈ అని గట్టిగా చెప్పమనండి.

ఎవరైనా వాట్సాప్‌లో పంపిన నంబరు నిజమైనదో కాదో కాగితం, కలం ఉంటే కొంతవరకు మీరే తేల్చుకోవచ్చు. మొదటి అక్షరం ఎక్స్ అయితే సున్నా, వై అయితే 1, జెడ్ అయితే 2 అనుకుని, దాని పక్కన ఏడు అంకెలూ పెట్టి 23తో భాగించాలి. మిగిలిన శేషానికి ఏ అక్షరం వస్తుందో నిర్ణయించిన పట్టిక ఉంది. ఎక్స్1234567 తీసుకుంటే శేషం 19, పట్టికలో 19కి ఎదురుగా ఉన్నది ఎల్. కాబట్టి చివర ఎల్ కాక మరేది ఉన్నా ఆ నంబరులో తప్పున్నట్టే. అక్షరం సరిపోయినంత మాత్రాన నంబరు మీకే ఇచ్చారని రుజువు కాదు, కాని చేతిరాతలో ఒక అంకె తారుమారైతే ఇక్కడే దొరికిపోతుంది.

వీసా మాట ఇది. 5 లక్షల యూరోలకు తగ్గకుండా ఆస్తి కొన్న విదేశీయులకు నివాసానుమతి ఇచ్చే పథకాన్ని స్పెయిన్ 2013లో పెట్టి, 2025 ఏప్రిల్ 3తో ఎత్తివేసింది. ఎన్‌ఐఈ ఏనాడూ నివాసానుమతి కాదు, ఇప్పుడు ఇంటి కొనుగోలు కూడా అందుకు దారి కాదు. మీ అబ్బాయి దగ్గరకు వెళ్లిరావడానికి మీకు ఎప్పటిలాగే వీసా కావాలి.

ఎవరి పేరున కొనాలన్న మీ సందేహానికి ఈ నంబరే కొంత జవాబు చెబుతుంది. నంబరు ఉన్నదంటే ఏటా దాని మీద పన్ను పత్రం ఉన్నదన్నమాట. అక్కడ నివాసం లేని యజమాని ఇంటిని ఖాళీగా ఉంచినా, అద్దెకివ్వకపోయినా, కాడాస్ట్రల్ విలువలో, అంటే ప్రభుత్వ రికార్డులో ఆ ఇంటికి కట్టిన విలువలో, 1.1 శాతాన్నో 2 శాతాన్నో ఆదాయంగా ఊహించి, ఐరోపా సమాఖ్య వెలుపలి వారి నుంచి దానిపై 24 శాతం పన్ను తీసుకుంటారు. కాడాస్ట్రల్ విలువ 60,000 యూరోలనుకుంటే 1.1 శాతం లెక్కన 660 యూరోల ఆదాయం, దాని మీద 158 యూరోల పైచిలుకు పన్ను. అబ్బాయి అక్కడే ఉంటూ ఆ ఇంట్లోనే కాపురం పెడితే అతని వాటాకు ఈ ఊహాదాయం బెడద ఉండదు, మీ వాటాకు మాత్రం తప్పదు. సొమ్ము చిన్నదే గాని ఏటా 210వ నమూనా నింపడం మరచిపోతే జరిమానాలు మీ నంబరు మీద పేరుకుంటాయి. నన్నడిగితే అబ్బాయి ఒక్కడి పేరునే కొని, మీరు ఇచ్చే సొమ్మును అతనికి కానుకగా బ్యాంకు ద్వారా పంపడం మేలు. అయితే తండ్రి ఇచ్చిన కానుక మీద అక్కడ నివసించే కొడుకుకు పన్ను పడుతుందా, పడితే వాలెన్సియా ప్రాంతపు మినహాయింపులు ఎంతవరకు వర్తిస్తాయి అన్నది అక్కడి ఆడిటరును అడిగి, ఆ లెక్క చేతికి వచ్చాకే నిర్ణయించుకోండి.

ప్రశ్న: అన్నదమ్ములం ఉమ్మడిగా వ్యాపారం చేస్తున్నాం. విదేశంలో ఇల్లు కొనడానికి 80 లక్షలు మా ఫర్ము కరెంటు ఖాతా నుంచి పంపబోతే బ్యాంకువారు కుదరదన్నారు. పైగా 20 శాతం పన్ను అంటున్నారు. — తణుకు

జవాబు: బ్యాంకువారు చెప్పింది సరైనదే. రిజర్వు బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం, అంటే మన ఆడిటర్లు ఎల్‌ఆర్‌ఎస్ అనే పథకం, వ్యక్తులకు మాత్రమే. భాగస్వామ్య సంస్థకూ హిందూ అవిభక్త కుటుంబానికీ కంపెనీకీ అది వర్తించదు. ఒక్కొక్క వ్యక్తి తన పాన్ మీద, తన సొమ్ములోంచి, ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. దగ్గరి బంధువులు ఎవరి పరిమితిలో వారు పంపి కలిపి ఇల్లు కొనవచ్చు. డబ్బు ఫర్ము నుంచి ముందు మీ వ్యక్తిగత ఖాతాల్లోకి లాభాల వాటాగానో మూలధన ఉపసంహరణగానో లెక్కల్లో చూపి రావాలి.

ఇక 20 శాతం అన్నది బ్యాంకు వసూలు చేసి మీ పాన్ మీద జమకట్టే టీసీఎస్. 2025 ఏప్రిల్ 1 నుంచి సంవత్సరానికి 10 లక్షలు దాటిన సొమ్ము మీదే ఇది పడుతుంది. 80 లక్షలు ఒక్కరే పంపితే 70 లక్షల మీద 14 లక్షలు, ఇద్దరు అన్నదమ్ములు చెరి 40 లక్షలు పంపితే ఒక్కొక్కరికి 6 లక్షల చొప్పున 12 లక్షలు. ఇది పోయిన సొమ్ము కాదు. మీ పాన్ మీద జమైన పన్నుల వివరాల్లో కనిపిస్తుంది, రిటర్నులో మీ పన్నుకు సర్దుబాటవుతుంది, మిగిలితే తిరిగొస్తుంది. కాకపోతే రొయ్యల మేతకూ పంట పెట్టుబడికీ అక్కరకొచ్చే 12 లక్షలు కొన్ని నెలలపాటు చేతిలో ఉండవు. ఆ సంగతి చూసుకుని పంపే తేదీ పెట్టుకోండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పంపితే రిటర్ను వేసే గడువు దగ్గరగా ఉంటుంది.

ప్రశ్న: అమ్మాయి దగ్గర ఉండి వస్తూ విదేశీ బ్యాంకులో ఖాతా తెరిచాను. ‘పన్ను నివాస దేశం, అక్కడి గుర్తింపు సంఖ్య’ అన్నచోట ఆధార్ నంబరు రాశాను. తప్పా? — నరసాపురం

జవాబు: తప్పే, దిద్దించుకోండి. భారతదేశంలో నివసించేవారికి అక్కడ రాయవలసింది పాన్. దేశాల మధ్య ఖాతాల సమాచారం ఏటా దానంతటదే ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటులో భారతదేశం 2017 నుంచి పాల్గొంటున్నది. అందులో మీ ఖాతాను మీ రిటర్నుతో కలిపేది పాన్ నంబరే. ఆ బ్యాంకుకు ఒక ఉత్తరం రాసి సవరించిన ఫారం ఇవ్వండి. ఖాతాను రిటర్నులోని విదేశీ ఆస్తుల పట్టికలోనూ చూపండి.

ప్రశ్న: మా అమ్మాయీ అల్లుడూ మిలాన్‌లో ఉంటున్నారు, అక్కడే ఇల్లు కొనబోతున్నారు. అమ్మాయి పదో తరగతి సర్టిఫికెట్టులోనూ పాస్‌పోర్టులోనూ మా ఇంటిపేరు ఉంది, పాన్ కార్డులో అత్తవారి ఇంటిపేరు ఉంది. ఇటలీ పన్ను నంబరు వచ్చింది గాని అందులో అక్షరాలు అటూ ఇటూ అయినట్టున్నాయి. పైగా పుట్టిన తేదీ 14 అయితే 54 అని పడింది. నోటరీ దగ్గర ఇబ్బంది వస్తుందా? — పాలకొల్లు నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, 54 గురించి నిశ్చింతగా ఉండండి. ఇటలీవారి ‘కోడిచె ఫిస్కాలె’లో స్త్రీలకు పుట్టిన తేదీకి 40 కలుపుతారు. అది తప్పు కాదు, స్త్రీ అని చెప్పే గుర్తు. అక్షరాలు తారుమారైన సంగతి మాత్రం నిజంగానే చూడవలసినది.

చాలా దేశాలు ఒక వరుస సంఖ్య ఇచ్చి ఊరుకుంటే ఇటలీ మాత్రం మనిషి పేరునే సంఖ్యగా అల్లుతుంది. మొత్తం 16 స్థానాలు. ఇంగ్లీషు స్పెల్లింగులోని ఇంటిపేరు హల్లుల్లో మొదటి మూడు, తరవాత సొంత పేరులోంచి మూడు హల్లులు (పేరులో నాలుగో అంతకన్నా ఎక్కువో హల్లులుంటే ఒకటోదీ మూడోదీ నాలుగోదీ), పుట్టిన సంవత్సరం చివరి రెండంకెలు, నెలకొక అక్షరం, తేదీ, పుట్టిన చోటుకు కోడు, చివర సరిచూసే అక్షరం. ఇటలీ బయట పుట్టినవారికి ఊరి కోడు ఉండదు, దేశం కోడు వేస్తారు. పాలకొల్లులో పుట్టినా పెనుగొండలో పుట్టినా ఢిల్లీలో పుట్టినా అందరికీ జెడ్222 మాత్రమే.

రుద్రరాజు వారి ఇంట లక్ష్మి అనే అమ్మాయి 1988 ఆగస్టు 14న పుట్టిందనుకుందాం. ఇంటిపేరులోంచి ఆర్, డి, ఆర్ వస్తాయి, పేరులోంచి ఎల్, ఎస్, హెచ్ వస్తాయి, ఆ పైన 88, ఆగస్టుకు ఎం, 54, జెడ్222. దరఖాస్తు నింపిన గుమాస్తా మన అలవాటు తెలియక లక్ష్మిని ఇంటిపేరు గడిలో, రుద్రరాజును పేరు గడిలో రాస్తే మొదటి ఆరూ ఎల్, కే, ఎస్, ఆర్, ఆర్, ఆర్ అయిపోతాయి. లెక్క ప్రకారం చెల్లే కోడే అది, కాని వేరే మనిషి కోడు. మన పాన్‌లో కూడా ఐదో అక్షరం ఇంటిపేరు మొదటి అక్షరమే అయినా, పెళ్లయ్యాక పేరు మార్పించుకున్నప్పుడు పాన్ సంఖ్య మారదు. ఇటలీలో నమోదైన పేరు మారితే కోడు కూడా మారుతుంది.

అందువల్ల మీ అమ్మాయి చేయవలసింది ఇది. పాస్‌పోర్టు మొదటి పేజీలో ఇంటిపేరు గడిలో ఏముందో, పేరు గడిలో ఏముందో చూసి, పైన చెప్పిన లెక్క వేసుకుని, కోడు దానితో కలవకపోతే పాస్‌పోర్టు తీసుకుని పన్నుల శాఖ కార్యాలయానికి వెళ్లి దిద్దించుకోవాలి. నోటరీ ఎదుట దస్తావేజు అయిన తరవాత దిద్దించబోతే బ్యాంకు రుణం, రిజిస్ట్రీ, ఇంటి పన్ను అన్నీ మళ్లీ దిద్దవలసి వస్తుంది. ఈ కొనుగోలు పూర్తయ్యేదాకా పాస్‌పోర్టులో అత్తవారి ఇంటిపేరు చేర్పించే ఆలోచన పెట్టుకోవద్దు. ఇటలీలో స్త్రీలు పెళ్లయినా పుట్టింటి పేరుతోనే నమోదవుతారు గనుక అక్కడ ఆ మార్పు ఎవరూ అడగరు. పాన్‌లో ఉన్న పేరు ఇటలీ దస్తావేజుకు అవసరం లేదు, భారతదేశంలోని లావాదేవీలకు మాత్రమే పనికొస్తుంది.

మరొక మాట. ఐరోపా సమాఖ్యకు చెందనివారు ఇటలీలో ఆస్తి కొంటే, ఆ దేశంలో ఇటలీ పౌరులకు అదే హక్కు ఉందా అని నోటరీ చూస్తారు. చెల్లుబాటయ్యే నివాసానుమతితో అక్కడ ఉంటున్నవారికి ఆ పరీక్ష ఉండదు. దస్తావేజు రోజుకు ఇద్దరి పర్మిట్లకూ గడువు మిగిలి ఉండేలా చూసుకొమ్మనండి.

ప్రశ్న: పోర్చుగల్‌లో ఫ్లాటు కొన్నప్పుడు అక్కడి లాయరు తన ఆఫీసు చిరునామాతో నాకు పన్ను నంబరు తీయించాడు. ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు. — మండపేట

జవాబు: నంబరు మీది, తాళంచెవి ఆయనది. ఎన్‌ఐఎఫ్ అనే ఆ తొమ్మిదంకెల సంఖ్య తీసుకునేటప్పుడు ఐరోపా సమాఖ్య వెలుపల నివసించేవారు స్థానిక ప్రతినిధిని చూపడం పరిపాటి. పన్ను శాఖ నోటీసులన్నీ ఆ ప్రతినిధికే వెళతాయి. 2022 నుంచి మరొక దారి కూడా ఉంది. పన్ను శాఖ పోర్టల్‌లో ఎలక్ట్రానిక్ నోటీసులకు నమోదు చేసుకుంటే ప్రతినిధి లేకుండానే గడుస్తుంది. మీ పేరున పాస్‌వర్డు తెప్పించుకుని, ఈ నమోదు పూర్తి చేసి, ఆ తరవాత ఆయన ప్రతినిధిత్వాన్ని రద్దు చేయించండి. ఈ వరుస తప్పవద్దు. వెంటనే చూడవలసింది ఇంటి పన్ను. ఐఎంఐ అనే ఆ పన్ను 100 యూరోల లోపైతే మే నెలలో ఒకేసారి, ఆ పైన 500 దాకా మే, నవంబరు నెలల్లో, 500 దాటితే ఆగస్టు కూడా కలిపి మూడు వాయిదాల్లో కట్టాలి. నోటీసు చేతికి అందలేదన్న కారణం చెల్లకపోవచ్చు.

ప్రశ్న: అమెరికాలో మా అబ్బాయి ఇల్లు కొంటూ మా దంపతుల పేర్లు కూడా దస్తావేజులో వేయిస్తానంటున్నాడు. మాకు అక్కడి సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు. మేము డబ్బు పెట్టడం లేదు. పేరు వేయించుకోవచ్చా? — అమలాపురం

జవాబు: అక్కడ దస్తావేజులో పేరు ఉండడానికి నంబరేదీ అక్కరలేదు. అందుకే చాలామంది ఆ రోజు సంతోషంగా పేరు వేయించుకుని, ఇల్లు అద్దెకిచ్చినప్పుడో అమ్మినప్పుడో ఇబ్బంది పడుతున్నారు. అప్పుడు కావలసింది ఐటీఐఎన్. సోషల్ సెక్యూరిటీ నంబరుకు అర్హత లేనివారికి పన్ను శాఖ ఇచ్చే తొమ్మిదంకెల సంఖ్య అది, ఎప్పుడూ 9తో మొదలవుతుంది. దానివల్ల ఉద్యోగం చేసే హక్కు గాని ఉండే హక్కు గాని రాదు. డబ్ల్యూ-7 ఫారం మీద అడగాలి. మామూలుగా దాన్ని పన్ను రిటర్నుతో కలిపే పంపాలి గనుక, ముందుజాగ్రత్తగా తీసి ఉంచుకుందామంటే కుదరదు. పాస్‌పోర్టు అసలు గాని, దాన్ని జారీ చేసిన శాఖ ధ్రువీకరించిన నకలు గాని జత చేయాలి. అసలు పాస్‌పోర్టును టెక్సస్‌కు టపాలో పంపడం ఇష్టం లేనివారు, పన్ను శాఖ గుర్తింపు పొందిన అక్కడి ఏజెంట్లతో ధ్రువీకరించుకోవచ్చు. వచ్చిన నంబరును వరుసగా మూడు సంవత్సరాలు రిటర్నులో వాడకపోతే గడువు తీరిపోతుంది.

అమ్మకం నాటి లెక్క మరీ ముఖ్యం. విదేశీయుల వాటాకు వచ్చే ధరలో 15 శాతాన్ని కొనేవాడే పట్టి ఉంచి పన్ను శాఖకు కట్టాలి. లాభం మీద కాదు, ధర మీద. కొనేవాడు సొంత నివాసానికి కొంటూ ధర 3 లక్షల డాలర్లకు మించనప్పుడు మాత్రం ఈ పట్టుబడి ఉండదు. పట్టిన సొమ్ములో ఎక్కువైనది వెనక్కి రావాలంటే మీ ఐటీఐఎన్‌తో రిటర్ను వేయాలి.

వీటన్నిటికంటే నాకు భయం కలిగించేది మరొకటి. అమెరికాలో నివాసం లేని విదేశీయుడు చనిపోతే, అక్కడి ఆస్తిలో 60,000 డాలర్లకు మించిన విలువ మీద ఎస్టేటు పన్ను వర్తిస్తుంది, పైశ్లాబు 40 శాతం. పౌరులకు ఉండే పెద్ద మినహాయింపు మీకు లేదు. అబ్బాయి ప్రేమతో వేయించిన పేరు రేపు అతనికే పన్ను నోటీసుగా తిరిగిరాకూడదు. ఫెమా, అంటే మన విదేశీ మారకపు చట్టం, నిబంధనల ప్రకారం విదేశంలో ఉన్న దగ్గరి బంధువుతో కలిసి ఆస్తి కలిగి ఉండడం తప్పేమీ కాదు. అయినా మీరు ఒక్క రూపాయి పెట్టకపోయినా ఇక్కడి రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టికలో ఏటా చూపాలి, చూపకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా దాకా పోవచ్చు. 20 లక్షల లోపు ఆస్తులకు 2024 అక్టోబరు నుంచి ఇచ్చిన సడలింపు ఇళ్లకూ స్థలాలకూ వర్తించదు. మీ సొమ్ము లేని ఇంటికి మీ పేరు వద్దని అబ్బాయికి నచ్చజెప్పండి. ఇంట్లో ఒక గది మీదేనని అతను అనుకోవడానికి దస్తావేజు అవసరం లేదు.

ప్రశ్న: దుబాయ్‌లో పాతికేళ్లు పనిచేసి గత ఏడాది తిరిగొచ్చాను. అక్కడ ఒక చిన్న ఫ్లాటు ఉంది, అద్దె వస్తోంది. వీసా రద్దయ్యాక ఎమిరేట్స్ ఐడీ పోయింది, ఈలోగా పాస్‌పోర్టు కూడా కొత్తది వచ్చింది. ఇక్కడ రిటర్నులో ఏ నంబరు రాయాలి? ఫ్లాటు ఉంచుకోవచ్చా? — రాజోలు

జవాబు: ఉంచుకోవచ్చు. మీరు ప్రవాసిగా ఉన్నప్పుడు సంపాదించిన విదేశీ ఆస్తిని తిరిగొచ్చాక కూడా కలిగి ఉండే హక్కు ఫెమా చట్టం 6వ సెక్షనులోనే ఉంది, రిజర్వు బ్యాంకు అనుమతి అక్కరలేదు.

784తో మొదలయ్యే 15 అంకెల ఎమిరేట్స్ ఐడీ నివాసికి ఇచ్చినది. దానిలో తరవాతి నాలుగంకెలు మీ పుట్టిన సంవత్సరం. అది పోయినా టైటిల్ డీడుకు ఏమీ కాదు. అయితే దుబాయ్ భూముల శాఖ రికార్డులో మీ పాత ఐడీ, పాత పాస్‌పోర్టు నంబరు ఉంటే కొత్త పాస్‌పోర్టు వివరాలతో నవీకరించుకోండి. లేకపోతే అమ్మే రోజున, లేదా మీ తదనంతరం పిల్లలు వెళ్లిన రోజున, ఆ పాత నంబరు మనిషీ మీరూ ఒకరేనని రుజువు చేయడమే ఒక పని అవుతుంది.

అద్దె మీద అక్కడ వ్యక్తులకు ఆదాయపు పన్ను లేదు. ఇక్కడ మాత్రం మీ హోదాను బట్టి ఉంటుంది. గత పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్‌రెసిడెంటుగా ఉన్నవారు తిరిగొచ్చిన కొద్ది కాలం పాటు పూర్తి నివాసులుగా లెక్కకు రారు, ఆ సంవత్సరాల్లో దుబాయ్ అద్దె ఇక్కడ పన్నుకు రాదు, విదేశీ ఆస్తుల పట్టిక కూడా నింపనక్కరలేదు. ఆ గడువు దాటాక అద్దెను చూపి, అందులో 30 శాతం ప్రామాణిక తగ్గింపు పోగా మిగిలిన దాని మీద పన్ను కట్టాలి. పట్టిక డిసెంబరు 31తో ముగిసే క్యాలెండరు సంవత్సరానికి నింపాలి, మన మార్చి లెక్క అక్కడ పనికిరాదు.

విదేశీ ఆదాయం చూపే పట్టికలో ‘ఆ దేశపు పన్ను గుర్తింపు సంఖ్య’ అన్న గడి ఉంటుంది. అది లేనివారు పాస్‌పోర్టు నంబరు రాయాలని దానిలోనే ఉంది. మీకు అక్కడి పన్ను సంఖ్య లేదు గనుక ఇప్పుడు చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు నంబరు రాయండి. రద్దుముద్ర పడిన పాత పాస్‌పోర్టును పారేయకుండా టైటిల్ డీడుతో కలిపి ఉంచండి. కొత్త పాస్‌పోర్టు చివరి పేజీలో పాత పాస్‌పోర్టు నంబరు, అది ఇచ్చిన తేదీ, ఊరు అచ్చయి ఉంటాయి. భూముల శాఖకు నకళ్లు పంపేటప్పుడు మొదటి పేజీతోపాటు ఆ చివరి పేజీ కూడా జత చేయండి.